అక్క నొక్కని బటన్

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి టీ పెట్టుకోవడానికి వెళ్ళిపోయే రకం నేను. ఇక్కడ అమెరికాలో మనవాళ్ళ ఏ పాట్‌లక్ విందుకి వెళ్ళినా, భోజనాలయ్యాక ఎవరో ఒకరు "మా మేనత్త వాళ్ళింట్లో ఏమైందంటే" అని గొంతు తగ్గిస్తారు. నాకు ఒళ్ళు మండుతుంది. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవరైనా బగ్ ఉందంటే ఇంకోసారి చేసి చూపించమంటాను. చూపించలేకపోతే ఆ ఫిర్యాదు టికెట్ క్లోజ్ చేస్తాను. దయ్యాల విషయంలోనూ నాది అదే పద్ధతి.

ఈ ఒక్కటి మాత్రం క్లోజ్ చేయలేకపోతున్నాను. అందుకే రాస్తున్నాను. నమ్మమని ఎవర్నీ బతిమాలను.

మా అక్క పేరు ఉమ. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో ఉండేవాళ్ళం, తన ఇంటికీ నా ఇంటికీ మధ్య నాలుగు వీధులు. తను ఫార్మసిస్టు. నా పెళ్ళి మూణ్ణాళ్ళ ముచ్చటయ్యాక, ఎవరూ అడగకుండానే నా తిండి సంగతి తన నెత్తిన వేసుకుంది. శుక్రవారం వచ్చిందంటే పప్పుచారు, ఏదో ఒక వేపుడు డబ్బాల్లో సర్ది నా గుమ్మం ముందు పెట్టి వెళ్ళిపోయేది. బెల్ కొట్టేది కాదు. అదేమిటక్కా అంటే "మీటింగ్‌లో ఉంటావేమోనని" అనేది. నేను తలుపు తీసేసరికి ఒక్కోసారి ఉడత వచ్చి మూత లాగేసి ఉండేది.

అక్కకి అంత మొహమాటం. హోటల్లో ఒకటి ఆర్డర్ చేస్తే ఇంకొకటి తెచ్చిపెట్టినా నోరు మూసుకుని తినేసేది. పన్ను పీకించుకోవడానికి వెళ్ళి, మత్తు సరిగా ఎక్కలేదని డాక్టర్‌కి చెప్పకుండా కుర్చీ చేతులు పట్టుకుని కూర్చుంది. బయటికొచ్చాక నాతో చెప్పింది. నేను తల బాదుకున్నాను. "పర్లేదులేరా, అయిపోయిందిగా" అంది.

'పర్లేదు' అనేది అక్క ఊతపదం. ఆ మాటకి బాగున్నానని అర్థమా, బాలేదనా, వద్దనా, కావాలనా అన్నది చెప్పే మనిషి మొహం చూసి తెలుసుకోవలసిందే. అక్క మొహంలో అదీ తెలిసేది కాదు.

మా బావ రామ్మోహన్ దీనికి పూర్తిగా రివర్స్. ఓపిక అన్నది ఆ మనిషి ఒంట్లో లేదు. లిఫ్ట్ బటన్ వెలిగిన తర్వాత కూడా ఇంకో నాలుగుసార్లు టకటకా నొక్కేవాడు. ట్రాఫిక్ లైట్ దగ్గర రోడ్డు దాటే బటన్‌తో కూడా అదే యుద్ధం. అలాంటి మనిషి ఏడాదికి రెండుసార్లు సియెర్రా కొండల్లోకి ఒంటరిగా వెళ్ళి, నాలుగైదు రోజులు నడిచి, గడ్డం పెంచుకుని తిరిగొచ్చేవాడు. ఫోన్ సిగ్నల్ అస్సలు ఉండని చోట్లు.

బావ నడుముకి పసుపు రంగు బీకన్ ఒకటి తగిలించుకునేవాడు. పిడికిలంత ఉంటుంది. దానికి ఒకటే పని. ప్రాణం మీదకి వస్తే యాంటెనా విప్పి బటన్ నొక్కాలి. అది శాటిలైట్‌కి కేక వేస్తుంది, ప్రభుత్వపు రెస్క్యూ సెంటర్ వాళ్ళు ఆ చోటికి మనుషుల్ని పంపుతారు. నెలనెలా ప్లాన్ అక్కర్లేదు. అందులోంచి మెసేజ్ పంపడం, జవాబు అందుకోవడం ఉండవు. వెనకాల ఒక పొడుగాటి కోడ్ ఉంటుంది. ఆ కోడ్‌ని మన పేరుతో రిజిస్టర్ చేసి, మనవాళ్ళ ఫోన్ నంబర్లు ఇవ్వాలి. బావ అక్క నంబర్, నా నంబర్ ఇచ్చాడు.

అప్పట్లో నేను వెంటపడ్డాను. రెండువైపులా మెసేజ్‌లు నడిచే శాటిలైట్ కమ్యూనికేటర్ కొనుక్కోమన్నాను. బావ ససేమిరా అన్నాడు.

"ఒరేయ్ శీనూ, నాకు కబుర్లు చెప్పే మెషీన్ వద్దురా. కొండల్లోకి వెళ్ళేదే నోరు మూసుకోవడానికి" అన్నాడు. తర్వాత అక్క వైపు చూసి నవ్వాడు. "మీ అక్కకి మాత్రం జన్మలో కొనిపెట్టకు. వాళ్ళు 'హెల్ప్ కావాలా' అని అడుగుతారు. ఈవిడ 'పర్లేదండీ' అంటుంది."

"చాల్లెండి సంబడం" అంది అక్క. ముగ్గురం పడీపడీ నవ్వుకున్నాం.

బావకి పాంక్రియాస్‌లో కాన్సర్ వచ్చింది. తెలిసిన తర్వాత ఎంతో కాలం లేడు. అంత సందడి చేసే మనిషి పోయాక ఆ ఇంట్లో గడియారం చప్పుడు వినబడేది. వాళ్ళమ్మాయి నిత్య అప్పటికే దేశానికి ఆ చివర పిస్కాటవేలో చదువుకుంటోంది. తను ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. అమ్మ దగ్గరకి వచ్చేస్తానని ఏడిస్తే అక్క రానివ్వలేదు. ఏమని ఉంటుందో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

ఏడాది గడిచాక అక్క నడవడం మొదలుపెట్టింది. మొదట ఊళ్ళోనే గుట్టలు, తర్వాత దగ్గర్లోని పార్కులు. ఆ పైన బావ నడిచిన దారులన్నీ ఒక్కొక్కటిగా. ఓ రోజు వచ్చి, బావకి ఇష్టమైన చెరువు ఒకటుందనీ, సియెర్రాలో పైన, రెండు రోజుల నడకనీ, సెప్టెంబర్ చివర్లో వెళ్తాననీ చెప్పింది. ఒక్కతే. నేను నెత్తీనోరూ కొట్టుకున్నాను. వినలేదు. అక్క మనకోసం అన్నీ వదులుకునేది గానీ, బావకి సంబంధించిందైతే రాయిలా కూర్చునేది.

సరే, కనీసం వస్తువైనా మంచిది తీసుకోవాలని రీసెర్చ్ మొదలుపెట్టాను. కనబడిన ప్రతి రివ్యూ చదివాను. కొత్త ఫోన్లలో శాటిలైట్ సౌకర్యం వస్తోందిగానీ మా ఇద్దరివీ పాత ఫోన్లు. పైగా కొండల్లో ఫోన్ బ్యాటరీని నమ్ముకోవడం నాకిష్టం లేదు. బావ బీకన్ తీసి చూస్తే దాని బ్యాటరీ గడువు దాటిపోయి ఉంది. మనం విప్పి మార్చేది కాదు, కంపెనీకి పంపాలి, వారాలు పడుతుంది. కొత్త బీకన్ ఒకటి, రెండువైపులా మాట్లాడేది ఒకటి, రెండూ టేబుల్ మీద పెట్టి అక్కని పిలిచాను.

బీకన్ సంగతి వివరంగా చెప్పాను. అక్క దాన్ని వేడి గిన్నెని చూసినట్టు చూసింది. "నొక్కితే సరాసరి హెలికాప్టర్ వచ్చేస్తుందా? మధ్యలో ఏమీ అడగరా?"

"అడగరు. అదే దాని గొప్ప."

"అమ్మో, వద్దురా. పొరపాటున నొక్కుకుంటే? పాపం వాళ్ళెవరో ఎక్కడెక్కడి పనులో మానుకుని రావాలి." రెండోది చేతిలోకి తీసుకుంది. "ఇదైతే నీకు రోజూ ఒక మాట పంపొచ్చుగా. లేకపోతే నువ్వు కంగారుపడతావు."

తన కోసం కొనే వస్తువుని కూడా నా కోసమే ఎంచుకుంది. దానిలో కూడా ఆపదలో నొక్కే ఎస్ఓఎస్ బటన్ ఉంది, చిన్న మూత కింద. అది నొక్కితే ఆ కంపెనీ వాళ్ళ డెస్క్‌కి వెళ్తుంది. వాళ్ళు ముందు మెసేజ్ పెట్టి ఏమైందని కనుక్కుంటారు. ఇంకో సంగతి, ఆ కంపెనీ శాటిలైట్లు వేరు, బీకన్ల శాటిలైట్లు వేరు. ఒకదాని కబురు ఇంకొకదానికి చేరదు. ఈ ముక్క కొంచెం గుర్తుపెట్టుకోండి.

ఆ డివైస్‌లో ఒక్క నొక్కుతో వెళ్ళే మెసేజ్‌ని ఇంటి దగ్గరే టైప్ చేసి పెట్టుకోవాలి. ఏం పెట్టమంటావని అడిగాను. "పర్లేదు అని పెట్టు" అంది.

"'బాగున్నాను' అని పెట్టొచ్చుగా?"

"బాగున్నాను అంటే ఎందుకోరా, గొప్పలు పోయినట్టుంటుంది."

బావ బీకన్ నా చేతికిచ్చి, తీరిగ్గా బ్యాటరీ మార్పించమంది. దాన్ని మా గరాజ్‌లో స్క్రూడ్రైవర్లు పెట్టుకునే డ్రాయర్‌లో పెట్టాను.

అక్క వెళ్ళింది. మొదటి సాయంత్రం నా ఫోన్‌కి 'పర్లేదు' అని వచ్చింది, పక్కనే మ్యాప్ మీద ఒక చుక్క. రెండో సాయంత్రం మళ్ళీ పర్లేదు, చుక్క చెరువు ఒడ్డున. నిజం చెప్పొద్దూ, నాక్కూడా సంతోషమేసింది. ఫొటో తీసి నిత్యకి పంపాను.

మూడో రోజు చుక్క కొంచెం కిందికి జరిగి ఆగిపోయింది. మర్నాడు పొద్దున కూడా అక్కడే ఉంది. ఏమైందని మెసేజ్ పెట్టాను. చాలాసేపటికి జవాబు. 'కాలు కొంచెం బెణికింది. టెంట్‌లో ఉన్నా. పర్లేదు.'

ఎస్ఓఎస్ నొక్కమన్నాను. 'ఇంత చిన్నదానికా' అంది. నడవగలవా అన్నాను. దానికి జవాబు చెప్పకుండా 'అన్నం తిన్నావా' అని అడిగింది. అక్క మాట మార్చిందంటే నొప్పి గట్టిదే. వాళ్ళకి నేనే ఫోన్ చేస్తున్నానని పెట్టాను. 'చేస్తే నీతో మాట్లాడను. రేపు నడుస్తాగా. పర్లేదు' అని వచ్చింది. మాట్లాడకపోతే మానెయ్ అనుకుని కంపెనీ డెస్క్ నంబర్ వెతుకుతున్నాను. మిట్టమధ్యాహ్నం, కిటికీలోంచి ఎండ నా లాప్‌టాప్ మీద పడుతోంది.

అప్పుడు నా ఫోన్ మోగింది.

ఎవరో అమెరికన్ ఆవిడ. "వెంకటా గారితో మాట్లాడాలి" అంది. మనవాళ్ళకి రోజూ వచ్చే మోసం కాల్ అనుకున్నాను. వెంకట అన్నవాళ్ళు ఎవరూ లేరన్నాను. "మీ నంబర్ ఆయన ఎమర్జెన్సీ కాంటాక్ట్‌గా ఉంది. ఆయన బీకన్ ఆన్ అయింది" అంది.

అప్పుడు తట్టింది. బావ పాస్‌పోర్ట్‌లో వెంకట రామ్మోహన్. అమెరికా కాగితాలన్నిట్లో ముందున్న ముక్కే మిగిలింది. ఇంట్లో గానీ స్నేహితుల్లో గానీ ఆయన్ని వెంకట అని పిలిచిన మనిషి లేడు.

ఆయన చనిపోయారని చెప్పాను. ఆవిడ సారీ చెప్పి, మరి బీకన్ ఇప్పుడు ఎవరి దగ్గరుందని అడిగింది. సిగ్నల్ ఎక్కణ్ణుంచి వస్తోందో కూడా చెప్పింది. ఆ అంకెలు మ్యాప్‌లో వేశాను. అక్క చుక్క మీదే పడింది.

ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని గరాజ్‌లోకి పరిగెత్తాను. డ్రాయర్ లాగాను. స్క్రూడ్రైవర్ల మధ్య పసుపు రంగు బీకన్ నేను పెట్టినట్టే ఉంది. యాంటెనా చుట్టే ఉంది. బటన్ మీదున్న ఎర్ర సీలు చెక్కుచెదరలేదు. వెనకాల కోడ్ చదవమంది ఆవిడ. ఒక్కో అక్షరం చదివాను.

అటువైపు కీబోర్డు చప్పుడు వినబడింది. తర్వాత "అదే కోడ్" అంది. "మీ చేతిలో ఉన్నది ఆఫ్‌లోనే ఉందా సర్?"

"ఉంది."

"మాకు సిగ్నల్ ఇంకా వస్తూనే ఉంది" అంది.

బీకన్ సంగతి తర్వాత, ఆ చోట మా అక్క కాలు దెబ్బతిని పడి ఉంది, ముందు మనుషుల్ని పంపండని అరిచాను. సాయంత్రం వెలుగుండగానే హెలికాప్టర్ అక్కని తీసుకొచ్చి కొండల కింద చిన్న ఊళ్ళో ఆసుపత్రిలో దించింది. ఆ రాత్రే పైన కొండల్లో మంచు పడిందట.

నేను నా కారులో రాత్రికి అక్కడికి చేరుకున్నాను. రెస్క్యూ బృందంలో ఒకతను ఆసుపత్రి వరండాలో నన్ను పలకరించాడు. బీకన్ దగ్గరికొచ్చినవాళ్ళ రేడియోలో వినబడేలా ఒక టోన్ పంపుతుందనీ, దాన్ని పట్టుకునే టెంట్ దగ్గరికి వచ్చామనీ చెప్పాడు. రాగానే బీకన్ ఆపెయ్యమని అక్కని అడిగారట. నా దగ్గర బీకనే లేదంది. తన డివైస్ చూపించింది. ఎస్ఓఎస్ మీద మూత వేసినట్టే ఉంది. వాళ్ళు బ్యాగ్, టెంట్, చుట్టూ రాళ్ళ సందులు వెతికారు. ఏమీ దొరకలేదు. అక్కని హెలికాప్టర్‌లోకి ఎక్కించాక టోన్ దానంతటదే ఆగింది. "మీకేమైనా తెలుసా?" అని నన్నే అడిగాడు. నేను తల అడ్డంగా ఊపాను.

కాలి ఎముక రెండు చోట్ల విరిగింది. రాత్రికి రాత్రే ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. మర్నాడు అక్క మంచం మీద కూర్చుని, జడ వేసుకోవడానికి దువ్వెన అడిగింది. నేను దువ్వెన ఇవ్వలేదు, తిట్లు మొదలుపెట్టాను. అక్క నవ్వుతూ విని, ఇంకో ఘనకార్యం బయటపెట్టింది. తను పడ్డ రోజు వాగుకి అవతలి ఒడ్డున ఇద్దరు హైకర్లు వెళ్తూ, బాగానే ఉన్నారా అని కేకేశారట. ఈవిడ కూర్చున్నచోట్నించే చెయ్యి ఊపి "ఆల్ గుడ్" అందట!

"నీకేమైనా పిచ్చా అక్కా?"

"వాళ్ళు కిందికి దిగుతున్నార్రా. మళ్ళీ నాకోసం వాగు దాటాలి, నీళ్ళు చల్లగా ఉన్నాయి."

బీకన్ సంగతి అప్పుడు చెప్పాను. మొత్తం విన్నది. చాలాసేపు దుప్పటి అంచు మడతపెడుతూ కూర్చుంది.

"నిన్న మధ్యాహ్నం నొప్పి ఎక్కువైందిరా" అంది చివరికి. నొప్పి అన్న మాట అక్క నోట్లోంచి వినడం నాకు అదే మొదటిసారి. "నువ్వేమో నొక్కు నొక్కు అని ఒకటే గోల. నాకు చెయ్యి రాలేదు. మీ బావ మీద కోపమొచ్చింది. మీరుంటే ఈపాటికి ఆ బటన్ నాలుగుసార్లు నొక్కి ఊరంతా పోగుచేసేవారు కదండీ అని పైకే అన్నాను. అంతే. నాకేం కనబడలేదు, వినబడలేదు." కళ్ళు తుడుచుకుని నవ్వింది. "ఆయనే నొక్కి ఉంటార్రా. ఓపిక ఎక్కడేడ్చింది ఆ మనిషికి."

ఏదో డేటాబేస్ తప్పు అయ్యుంటుందిలే అన్నాను. "సరేలే" అంది అక్క, నన్ను నొప్పించడం ఇష్టంలేక.

నర్సు వచ్చి, ఒకటి నుంచి పదిలో నొప్పి ఎంతుందని అడిగింది. అక్క రెండు అంది. నేను మధ్యలో దూరి, రెండు కాదు, ఎనిమిది వేసుకోండి అన్నాను. నర్సు నవ్వి అక్క వైపు చూసింది. అక్క మళ్ళీ రెండే అంది. ఆమె వెళ్ళాక నన్ను కసిరింది. "పొద్దుట్నించీ తిరుగుతూనే ఉందిరా ఆ పిల్ల. కూర్చున్న పాపాన పోలేదు."

నిత్య ఫోన్ చేసి బయల్దేరుతున్నానంది. పరీక్షలు పెట్టుకుని ఎందుకే, పర్లేదు అంది అక్క. ఆ పిల్ల వినకుండా మర్నాటికి టికెట్ బుక్ చేసుకుంది.

ఆ మర్నాడు అక్కకి ఇంకో బెంగ పట్టుకుంది. కొండ కింద కారు పెట్టి వచ్చింది కదా, పర్మిట్ తేదీ అయిపోయిందట. వేరేవాళ్ళకి చోటుండదు, వెళ్ళి తీసుకురమ్మని చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. ఊళ్ళోంచి హైకర్లని తీసుకెళ్ళే వ్యాన్ ఉంది. సరే వెళ్ళొస్తానని లేచాను. మాట్లాడుతుంటే అక్కకి కొద్దిగా ఊపిరి అందనట్టు అనిపించింది. ఆయాసంగా ఉందా అని అడిగాను.

"పర్లేదు, నువ్వు వెళ్ళిరా."

నర్సుని పిలిచే బటన్ తీగ లాగి అక్క చేతికి దగ్గరగా పెట్టాను. "ఏమనిపించినా ఇది నొక్కు. దీనికి హెలికాప్టర్ రాదు. నర్సు వస్తుంది, అంతే."

"అలాగేలేరా" అని నవ్వింది. నేను చూసిన అక్క నవ్వు అదే ఆఖరు.

వ్యాన్ కొండెక్కిన కాసేపటికే నా ఫోన్‌లో సిగ్నల్ గీతలన్నీ పోయాయి. పైన ఎండలో అక్క కారు ఒద్దికగా గీతల మధ్యలో నిలబెట్టి ఉంది, పక్కవాళ్ళ తలుపులకి ఇబ్బంది లేకుండా. దాన్ని తీసుకుని నెమ్మదిగా దిగాను. మనుషులకి సిగ్నల్ అందని చోట ఏం చెయ్యాలో నెలరోజులు చదివి అక్కకి పాఠం చెప్పినవాణ్ణి. ఆ రోజు నా దగ్గర ఏ డివైసూ లేదు. కారు తీసుకురావడానికి వెళ్ళేవాడికి ఎందుకుంటుంది?

సగం దిగాక ఫోన్‌కి ప్రాణం వచ్చింది. ఒకదాని మీద ఒకటి టింగుటింగుమంటూ పడ్డాయి. ఆసుపత్రి నుంచి రెండు మిస్డ్ కాల్స్. వాటికన్నా ముందు ఒక వాయిస్ మెయిల్. రోడ్డు పక్కన కారు ఆపి, అన్నిటికంటే మొదట వచ్చిందని దాన్నే పెట్టాను.

రెస్క్యూ సెంటర్ ఆవిడే. ఆ రోజు మాట్లాడిన గొంతే. "వెంకటా గారి బీకన్ మళ్ళీ ఆన్ అయింది సర్. ఈసారి సిగ్నల్ ఆసుపత్రి బిల్డింగ్ దగ్గర్నుంచి వస్తోంది. సామానులో ఉండి పొరపాటున నొక్కుకుని ఉంటుందనుకుంటున్నాం. దయచేసి ఆఫ్ చేయండి. నిజంగా ఎమర్జెన్సీ అయితే వెంటనే మాకు చెప్పండి."

ఆసుపత్రికి ఫోన్ చేశాను. కాలిలో కట్టిన రక్తపు గడ్డ ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిందన్నారు. చాలా ప్రయత్నించామన్నారు. నాకు ఆ తర్వాత మాటలు వినబడలేదు. ఏడ్చాను. కొండల మధ్య, ఆ కారులో, అక్కా అక్కా అని గొంతు పోయేదాకా ఏడ్చాను.

రెండు అన్న నొప్పికి మందిచ్చిన నర్సే నన్ను గదిలోకి తీసుకెళ్ళింది. ఆమె కళ్ళు కూడా ఎర్రగా ఉన్నాయి. పిలుపు రాలేదనీ, గది బయట లైటు వెలగలేదనీ, మామూలుగా చూడ్డానికి వెళ్తే అక్క అప్పటికే స్పృహలో లేదనీ చెప్పింది. బటన్ నేను పెట్టినచోటే ఉంది. అక్క చెయ్యి దాని పక్కనే ఉంది. వాయిస్ మెయిల్ వచ్చిన టైము ఆమెకి చూపించాను. తను గదిలోకి వెళ్ళడానికి చాలా ముందే అంది.

బీకన్ అప్పుడు ఎక్కడుందంటారా? డబ్లిన్‌లో, మా గరాజ్‌లో, డ్రాయర్‌లో.

నేను చేయగలిగిందంతా చేశాను. రెస్క్యూ సెంటర్‌కి రాశాను. రెండుసార్లూ సిగ్నల్ వచ్చినట్టు తమ రికార్డుల్లో ఉందనీ, కారణం చెప్పలేమనీ, బీకన్‌ని పరీక్ష చేయించమనీ జవాబిచ్చారు. సర్వీస్ సెంటర్‌కి పంపాను. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయి ఉందనీ, తయారైనప్పట్నించీ ఒక్కసారి కూడా ఆన్ అయిన గుర్తులు లేవనీ చెప్పారు. అదే కోడ్ ఇంకో బీకన్‌లో పడి ఉండొచ్చుగా అని స్నేహితులు అన్నారు. ఉండొచ్చు. ఆ ఇంకో బీకన్ రెండుసార్లూ మా అక్క పక్కకే ఎందుకు వచ్చింది? అక్క డివైస్ కబురే పొరపాటున అటు వెళ్ళిందేమో అన్నారు. అది వేరే శాటిలైట్లని ముందే చెప్పాను. పైగా రెండోసారి అక్క డివైస్ ఆఫ్ చేసి, ఆసుపత్రి ముందు పెట్టిన నా కారు డిక్కీలో ఉంది.

నేను ఇప్పటికీ దయ్యాల్ని నమ్మను. ఆ ఏడుపులోనూ నమ్మలేదు. కానీ ఒక్కోసారి లిఫ్ట్ దగ్గర నిలబడితే, వెలిగిన బటన్ని బావ టకటకా నొక్కడం గుర్తొస్తుంది. ఆ రోజు కూడా అలాగే నొక్కి ఉంటాడు. మళ్ళీ మళ్ళీ నొక్కి ఉంటాడు. నా ఫోన్‌కేమో కొండల్లో సిగ్నల్ లేదు. ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా లిఫ్ట్ వదిలేసి మెట్లెక్కి వెళ్తున్నాను.

బీకన్ రిజిస్ట్రేషన్‌ని రెండేళ్ళకోసారి రెన్యూ చేయాలి. ఈమధ్య మెయిల్ వచ్చింది. వెంకటా గారూ, ఈ బీకన్ ఇంకా మీ దగ్గరే ఉందా అని. ఉంది అని నొక్కాను. కాంటాక్టుల్లో అక్క నంబర్ తీసేసి నిత్య నంబర్ పెట్టాను. ఎందుకు పెట్టానో నన్నడగొద్దు.

ఆ సాయంత్రమే నిత్య ఫోన్ చేసింది. అమ్మ పోయేసరికి ఆ పిల్ల విమానంలో ఉంది, తనకీ ఎవరి కబురూ అందలేదు. "ఎలా ఉన్నావ్ మామా?" అంది, తన అమెరికా యాసలో. పర్లేదమ్మా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"బాలేదమ్మా" అన్నాను.

అటువైపు చిన్నగా ఏడుపు వినబడింది.

"నాకు కూడా బాలేదు మామా. నువ్వు రావా?"

ఆ రోజే టికెట్ బుక్ చేశాను.